ఎదుట లేని మనిషి

(అక్క అశోక్‌నగర్‌లో ఆడపిల్లల హాస్టల్ నడుపుతుంది. నారాయణగూడలో చదువుకుంది, చిక్కడపల్లిలో కాపురం. తమ్ముడు గ్రూప్స్‌కి చదువుతున్నాడు, పగలంతా చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో ఉంటాడు. అతని చెల్లెలు ఉండేది అక్క హాస్టల్లోనే. ఇద్దరి మధ్యా విడతలు విడతలుగా నడిచిన వాదన ఇది.)

తమ్ముడు: నా మాట ఒక్కటే అక్కా. ఎదుట లేని మనిషి గురించి చెడు మాట్లాడుకోవడమంటే, జవాబు చెప్పుకునే వీలివ్వకుండా తీర్పు చెప్పడమే. హత్య కేసులో పట్టుబడ్డవాడిని కూడా కోర్టు "నువ్వేమంటావు" అని అడుగుతుంది. లాయరును పెట్టుకునే స్తోమత లేకపోతే ప్రభుత్వమే పెట్టిస్తుంది. మన గల్లీలో టీ బండి దగ్గర ఆపాటి దయ కూడా ఉండదు. చాయ్ తాగేలోపు ఒకడి బతుకు తేల్చేస్తారు, వాడికి ఆ సంగతే తెలియదు. ఎప్పుడు తెలుస్తుంది? రూమ్మేటు ముభావంగా ఉన్నప్పుడు, అవసరానికి ఎవరూ ఐదొందలు సర్దనప్పుడు, ఊరి నుంచి నాన్న ఫోన్ చేసి "నీ గురించి ఏదో విన్నాను" అన్నప్పుడు. అప్పటికి ఆ మాట ఎవరి నోట పుట్టిందో ఎవరికీ గుర్తుండదు. ఎవరి దగ్గరికి వెళ్లి "నేనలాంటివాణ్ణి కాదు" అని చెప్పుకోవాలి?

అక్క: కోర్టు పేరు నువ్వే ఎత్తావు కాబట్టి నేనూ అక్కడి నుంచే వస్తాను. కోర్టు దాకా పోగలిగినవాళ్లకు కోర్టు ఉంది. పోలేనివాళ్లకు ఏముంది? ఆదిలాబాద్ నుంచి, ఖమ్మం నుంచి, మహబూబ్‌నగర్ నుంచి పిల్లలు నా దగ్గర దిగుతారు. దిగిన రోజు రాత్రే పాత పిల్లలు కొత్త పిల్లను పక్కన కూర్చోబెట్టుకుంటారు. ఫలానా హాస్టల్ ఓనరు తలుపు కొట్టకుండా లోపలికొస్తాడు, అటు మారకు. ఫలానా సారు డౌట్లుంటే క్లాసయ్యాక ఒక్కదాన్నే రమ్మంటాడు, పోవద్దు. ఫలానా జిరాక్స్ షాపులో నంబరు ఇవ్వకు, రాత్రిళ్లు మెసేజ్‌లు పెడతాడు. ఇవన్నీ వాళ్ల వెనకాల అనుకునే మాటలే. ఏ రిజిస్టర్‌లోనూ ఉండవు. పనిచేసే చోట వేధింపుల మీద 2013లో చట్టం వచ్చింది, కాదనను. ఫిర్యాదు రాతలో ఇవ్వాలి, మూడు నెలల్లోపు ఇవ్వాలి. అప్పు చేసి ఫీజు కట్టిన పిల్ల, ఇంట్లో తెలిస్తే మర్నాడే బస్సెక్కించి తీసుకుపోతారని భయపడే పిల్ల, ఆ కాగితం మీద సంతకం పెడుతుందా? పెట్టదు. కానీ పక్క మంచం మీదున్న అమ్మాయికి చెబుతుంది. ఆ మాటను తప్పంటే నువ్వు ఎవరి కొమ్ము కాస్తున్నట్టు?

తమ్ముడు: ఆ మాట తప్పని నేననను. చెల్లెల్ని చేర్చే ముందు నేనూ మీ హాస్టల్ గురించి నలుగురిని అడిగాను. మీ వెనకాలే అడిగాను. అయితే ఆ పిల్లలు ఏం చేస్తున్నారో చూడండి. తమకు జరిగింది చెబుతున్నారు. ముప్పు ఎవరికుందో వాళ్లకే చెబుతున్నారు. చెప్పి తమ పని చూసుకుంటున్నారు. రోజంతా మన చుట్టూ నడిచే మాటల్లో ఇలాంటివి ఎన్ని? లైబ్రరీ గేటు దగ్గర పొద్దున్నే సీటు కోసం నిలబడతాం కదా, అక్కడ వినండి. ఫలానావాడికి ఇది నాలుగో ప్రయత్నమట, ఇంట్లో మాత్రం ఉద్యోగం చేస్తున్నానని చెప్పాడట. ఫలానా అమ్మాయి ఎవరి బండి మీద దిగిందో చూశావా. ఫలానావాడికి ఏ కోటాలో వచ్చిందో తెలుసా. ఇందులో ఎవరికి ముప్పు ఉందని ఈ హెచ్చరికలు? అశోక్‌నగర్‌లో గదికీ గదికీ మధ్య ఉండేది ప్లైవుడ్ చెక్క. అందరం అందరికీ వినిపిస్తూనే బతుకుతున్నాం. అంత ఇరుకులో మనిషికి మిగిలేది తన సంగతి తనదిగా ఉంచుకునే హక్కొక్కటే. దాన్నీ లాక్కుంటున్నాం.

అక్క: ఆ ఇరుకులోనే ఇంకోటి కూడా జరుగుతుంది, అది నీ లెక్కలోకి రావడం లేదు. "మూడో రూములో పిల్ల రెండు రోజులుగా మెస్‌కి రాలేదు" అని ఒకరు నాతో అంటారు. "ఇంటికి ఫోన్ కూడా చెయ్యట్లేదట" అని ఇంకొకరంటారు. నేను అన్నం కంచం పట్టుకుని వెళ్లి తలుపు కొడతాను. ఎదుట లేని మనిషి గురించి ఎవరూ నోరు విప్పకూడదన్న నీ నియమం నా హాస్టల్లో పెడితే ఆ తలుపు ఎవరూ కొట్టరు. ఎవరికి ఫీజు అందలేదు, ఎవరి నాన్నకు ఒంట్లో బాగాలేదు, ఎవరు రాత్రుళ్లు ఏడుస్తున్నారు, ఇవి ఒక్కటీ వాళ్లంతట వాళ్లు వచ్చి నాకు చెప్పలేదు. అన్నీ పరోక్షంగానే తెలిశాయి. మనుషులు ఒకరి గురించి ఒకరు మాట్లాడుకోవడం మానేసిన చోట ఒకరిని ఒకరు చూసుకోవడం కూడా మానేస్తారు. డన్‌బార్ అనే బ్రిటిష్ పరిశోధకుడు 1996లో దీని మీద పుస్తకమే రాశాడని నువ్వే కదా చెప్పావు. కోతులు ఒకదాని ఒళ్లు ఒకటి దువ్వుకుంటూ దగ్గరవుతాయి, పెద్ద గుంపుల్లో బతికే మనిషికి అందుకు అంత తీరిక ఉండదు కాబట్టి సాటివాళ్ల కబుర్లతో ఆ పని చేస్తాడని.

తమ్ముడు: చెప్పాను. దగ్గరవుతారన్నది నిజమే. ఇద్దరు దగ్గరవడానికి మూడోవాణ్ణి ఖర్చు పెడతారన్నది కూడా నిజమే. మీరు అన్నం కంచం అన్నారు కాబట్టి ఒక సంగతి అడుగుతాను. 2023లో ఈ వీధుల్లోనే, ఒక హాస్టల్లో, చదువుకుంటున్న ఒక అమ్మాయి ప్రాణం తీసుకుంది. ఆ రాత్రి వందల మంది పిల్లలు రోడ్డు మీద కూర్చున్నారు. అందరిదీ ఒకే దుఃఖం, ఒకే కోపం. తెల్లారేసరికి మాట మారిపోయింది. ఆమె ఎలాంటిది, ఎవరితో మాట్లాడేది, అసలు ఏ పరీక్షకు దరఖాస్తు పెట్టింది, పెట్టలేదు! ఎన్నికలు దగ్గర్లో ఉన్నాయి. ఆమె చావు ఎందుకన్నది రెండు పక్షాలకూ వాదన అయిపోయింది. టీవీల్లో అదే, ఫోన్లలో అదే, లైబ్రరీ చెట్ల కింద అదే. అప్పుడు ఏమేమి అన్నారో నేనిక్కడ చెప్పను. చెబితే నేనూ ఆ పనే చేసినట్టు. ఎదుట లేని మనిషి అంటే ఇంతకంటే ఎవరక్కా? పరువునష్టం సెక్షన్‌లో ఒక వివరణ ఉంది. బతికుంటే ఆమె పరువుకు భంగమయ్యే మాట, ఇంటివాళ్లను నొప్పించాలనే ఉద్దేశంతో అంటే, చనిపోయిన మనిషి విషయంలో కూడా అది నేరమే. 1860 నాటి శిక్షాస్మృతిలో ఉంది, 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన న్యాయసంహితలోనూ ఉంది. చట్టానికి ఉన్నపాటి మర్యాద మనకు లేకపోయింది.

అక్క: ఆ వారం నేను హాస్టల్లో టీవీ పెట్టనివ్వలేదు. పిల్లల ముఖాలు చూడలేకపోయాను. ఆ మాటల్లో సమర్థించేందుకు ఒక్క అక్షరం కూడా నాకు దొరకదు. కానీ తమ్ముడూ, ఆ పని చేసింది పిట్టగోడ దగ్గరి మాటలు కావు, మైకులు. పిట్టగోడ మాటకు ఒక కట్టు ఉంటుంది. అన్నది ఎవరో తెలుసు, విన్నది ఎవరో తెలుసు, రేపు కూరగాయల బండి దగ్గర మళ్లీ ముఖం చూసుకోవాలి. నేను ఒకమ్మాయి గురించి అబద్ధం చెబితే నెల తిరిగేలోపు నా మాటకు విలువ పోతుంది. ఆ భయం నా నోటిని అదుపులో పెడుతుంది. ఫార్వర్డ్ మెసేజ్‌కి ఆ భయం లేదు, టీవీ స్టూడియోకీ లేదు.

తమ్ముడు: ఆ కట్టు ఒకప్పుడైనా ఉందా? మీకు నమ్మకమున్న చోటుకే వెళ్దాం, రామాయణానికి. వాల్మీకి ఉత్తరకాండలో భద్రుడని ఒకడుంటాడు. జనం ఏమనుకుంటున్నారని రాముడు అడిగితే ముందు మంచి మాటలే చెబుతాడు. దాచకుండా చెప్పమంటే అప్పుడు చెబుతాడు: రావణుడి ఇంట ఉండి వచ్చిన సీతను రాజు ఎలా ఏలుకుంటున్నాడు, రేపు మన ఆడవాళ్ల విషయంలో మనమూ ఇలాగే ఓర్చుకోవాలి కాబోలు అని వీధుల్లో, సంతల్లో అనుకుంటున్నారని. అప్పుడు మైకు లేదు, ఫోన్ లేదు. మీరు చెప్పిన పిట్టగోడ మాటే అది. సీతను ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. నిండు గర్భిణి. లక్ష్మణుడు గంగ దాటించిన తర్వాత గానీ ఆమెకు సంగతి తెలియదు. ఊరంతటికీ తెలిసిన మాట, ఎవరి గురించో ఆ మనిషికి అందరికంటే చివర తెలిసింది.

అక్క: ఆ కథ నేనూ తలుచుకుంటూ ఉంటాను. నువ్వు ఆపిన చోట ఆగను. భద్రుడి పేరు మన ఊళ్లలో ఎంతమందికి తెలుసు? ఎవరినడిగినా చాకలివాడు అన్నాడనే చెబుతారు. వాల్మీకిలో చాకలివాడు లేడు, ఊరు ఊరంతా అన్నది. భాగవతంలో పేరులేని ఒక మనిషి అంటాడు. తర్వాతి కథల్లో ఆ మనిషి చాకలి అయ్యాడు. 1963లో లవకుశ సినిమా వచ్చాక తెలుగునాట అదే ఖాయమైపోయింది. అయోధ్య మొత్తం ఆడిన మాటను, తిరిగి జవాబు చెప్పుకోలేని ఒక కులం నెత్తిన పెట్టేశాం. ఇది నీ వాదనకే బలం, తెలిసే చెబుతున్నాను. మాటకు ఆ దుర్గుణం ఉంది. చివరికి ఎవరికి బలం తక్కువో వాళ్ల మీదికి జారుతుంది. కానీ సీతను అడవికి పంపింది మాత్రం జనం కాదు. జనం ఊరికే అనుకున్నారు. పంపింది, విన్న రాజు. శిక్ష వేసే చెయ్యి ఉన్నవాడి చెవిన పడ్డప్పుడే మాట శిక్ష అవుతుంది. నువ్వు నోళ్లను అదుపు చెయ్యమంటావు, నేను ఆ చెవిని అదుపు చెయ్యమంటాను.

తమ్ముడు: ఆ తేడా బాగుంది, కానీ నిలవదు అక్కా. అయోధ్యకు ఒక్కడే రాజు. మనకు ఇంటింటికీ ఒక సింహాసనం ఉంది. కూతుర్ని బస్సెక్కించగల నాన్న ఒక రాజు. సంబంధం వద్దని కబురు పంపగల అత్తగారు ఒక రాణి. గది ఖాళీ చెయ్యమనగల ఓనరు ఒక రాజు. మీరు పిట్టగోడ దగ్గర వదిలిన మాట వీళ్లలో ఎవరి చెవినా పడకుండా ఎక్కడ ఆగుతుంది? మీరు చదివిన బడే తీసుకోండి. మాడపాటి హనుమంతరావు గారు ఇంకొందరితో కలిసి 1928లో నారాయణగూడలో ఆడపిల్లలకు తెలుగులో చదువు చెప్పే బడి పెట్టారు. ఉర్దూ రాజ్యమేలుతున్న నిజాం రోజుల్లో. పిల్లను బడికి పంపకుండా ఎన్ని ఇళ్లు తలుపులేసుకుని ఉంటాయి? సర్కారు ఆపిందా వాళ్లను? నలుగురు ఏమంటారో అన్న భయం ఆపింది. ఆడపిల్ల అడుగు మీద ఈ దేశంలో అన్నిటికంటే పెద్ద కాపలా, వెనకాల అనుకునే మాటే.

అక్క: ఆ తలుపులు తెరుచుకున్నది కూడా మాట వల్లనే. "వాళ్లమ్మాయిని పంపుతున్నారట, ఉత్తరం తనే రాసిందట" అని పక్కింటివాళ్లు అనుకున్నారు, మరుసటేడు తమ పిల్లనూ పంపారు. పైవాళ్లు ఉపన్యాసాలిస్తే అంతమంది వచ్చేవాళ్లు కారు. ఎవరి ఇంట్లో ఏం జరుగుతోందో తెలియడం వల్లే మనుషులకు ధైర్యం కూడా వస్తుంది. విడాకులు తీసుకున్న ఒకామె నిలదొక్కుకుని బతుకుతోందన్న కబురు, దెబ్బలు తింటున్న ఇంకొకామెకు ఏ పుస్తకమూ ఇవ్వలేని బలమిస్తుంది. ఆ కబురు మొదటామె అనుమతి తీసుకునే చేరాలంటావా? ఇంకోటి చెబుతాను. త్యాగరాయ గానసభలో కచేరీ అయ్యాక పాడినావిడ దగ్గరికి వెళ్లి అందరూ "అమోఘం" అంటారు. బయట మెట్ల దగ్గరికొచ్చాక "ఈ రోజు పైస్థాయి పలకలేదు" అంటారు. నిజం ఎక్కడుంది? ఎదుటే అన్నీ అనాలంటే మనుషులు ఎదుట అబద్ధాలే ఆడతారు, నిజమన్నది అసలు ఎక్కడా ఉండదు.

తమ్ముడు: పైస్థాయి పలకలేదన్నది పాట గురించి. ఆవిడ తాగి వచ్చిందట అన్నది మనిషి గురించి. మెట్ల మీద మొదటిది రెండోది కావడానికి ఎంతసేపు పడుతుంది?

అక్క: ఎంతోసేపు పట్టదు. అదీ నిజమే.

తమ్ముడు: లీకు రోజులు చెబుతాను. 2022 అక్టోబరు 16న గ్రూప్-1 ప్రిలిమ్స్ రాశాం, 503 పోస్టులకు. 2023 మార్చిలో పేపర్ల లీకు బయటపడింది, 17న పరీక్ష రద్దు చేశారు. వందకు పైగా మార్కులు వచ్చినవాళ్లను సిట్ పిలిచి విచారించింది. అది దర్యాప్తు, దానికో పద్ధతి ఉంది. దర్యాప్తు పక్కన ఇంకొకటి నడిచింది. నాతో చదువుకున్నవాడికి మంచి మార్కులు వచ్చాయి. మూడేళ్లు వాడెలా చదివాడో నాకు తెలుసు. ఆ నెల వాడు లైబ్రరీలోకి వస్తే చెట్టు కింద మాటలు ఆగిపోయేవి. ఎవరూ ఏమీ అనలేదు. "నువ్వు కొన్నావా" అని ఒక్కడు ఎదుట అడిగినా వాడికి జవాబుంది. అడగలేదు. పరీక్ష రద్దయిన బాధ అందరిదీ. కష్టపడ్డందుకే దొంగలా చూశారన్న బాధ మాత్రం వాడొక్కడిది. జూన్‌లో మళ్లీ పెట్టారు, వాడు రాశాడు. సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. రెండోసారి అయ్యో అనడానికి కూడా వాడి దగ్గరికి ఎవరూ వెళ్లలేదు. దూరం అప్పటికే గడ్డకట్టుకుపోయింది.

అక్క: ఆ పిల్లవాడికి జరిగింది అన్యాయం. అయినా ఒక మాట మర్చిపోకు. ఆ మార్చి నెలకు ముందు "పేపర్లు అమ్ముడుపోతున్నాయట" అని ఎవరన్నా, ఓడినవాడి ఏడుపని కొట్టిపారేసేవాళ్లం. నిజమని తేలింది. బయటపడేదాకా ప్రతి నిజమూ గుసగుసే. ఆధారం చేతిలో పెట్టుకుని మాట్లాడమంటే, ఆధారాలన్నీ తాళం వేసిన గదుల్లో ఉంటాయి. ఆ తాళాలు ఎవరి దగ్గర ఉంటాయో నీకూ తెలుసు.

తమ్ముడు: మీ పక్షాన అనాల్సిన మాట ఒకటి నా పుస్తకాల్లోనే ఉంది, దాచను. పరువునష్టం సెక్షన్‌కు పది మినహాయింపులున్నాయి. తన మేలు కోసమో ఇంకొకరి మేలు కోసమో సదుద్దేశంతో అన్న మాట నేరం కాదని తొమ్మిదోది. విన్న మనిషి క్షేమం కోసం చేసిన హెచ్చరిక నేరం కాదని పదోది. మీ హాస్టల్ పిల్లలు మొదటి రాత్రి చెప్పుకునే మాటలకు చట్టంలో అచ్చంగా చోటుంది.

అక్క: చోటు ఉందంటే సరిపోదు, అది దక్కడానికి ఏం పడుతుందో కూడా చెప్పు. ప్రియా రమణి కేసు చూశాం కదా. తనకు జరిగిన వేధింపు గురించి 2017లో అతని పేరు చెప్పకుండా రాసింది, 2018లో పేరు చెప్పింది. అప్పటి కేంద్రమంత్రి ఎం.జె. అక్బర్ పరువునష్టం కేసు వేశాడు. 2021 ఫిబ్రవరిలో ఢిల్లీ కోర్టు ఆమె నిర్దోషి అంది. స్త్రీ గౌరవాన్ని పణంగా పెట్టి ఇంకొకరి పరువును కాపాడలేమంది. పేరున్న జర్నలిస్టు, ఇంగ్లీషులో రాయగలిగే మనిషి, పెద్ద లాయర్లు. అయినా రెండేళ్లకు పైగా ముద్దాయిగా నిలబడింది. నా పిల్లలు అంత చెయ్యగలరా? ఆ గదిలో, ఆ రాత్రి, చెవిలో చెప్పుకోవడం తప్ప వాళ్లకు ఇంకో కోర్టు లేదు. నువ్వు ఎదుట అనమంటున్నావు. ఎదుట అనగలగడం కూడా ఒక ఆస్తి తమ్ముడూ. అది అందరికీ పంచలేదు.

(రాస్తున్నవాడి మాట: మొత్తం సంవాదంలో నాకు జవాబు దొరకనిది ఈ ఒక్క వాక్యానికే. తమ్ముడికీ వెంటనే దొరకలేదు. అతని తర్వాతి మాట దీనికి జవాబు కాదు, అయినా అంతే బరువున్నదని నాకనిపించింది.)

తమ్ముడు: ఒప్పుకుంటున్నాను. బలం లేనివాడు బలమున్నవాడి గురించి ఎదుట మాట్లాడాలని అడగడం అన్యాయం. అయితే ఒకటి అడుగుతాను. మీరు చెప్పిన ఆ సారు. ఆయన గురించి ఆ మాట నాలుగైదేళ్లుగా హాస్టళ్లలో తిరుగుతోంది కదా. దానివల్ల మీ పిల్లలు తప్పించుకున్నారు, మంచిదే. చెప్పేవాళ్లు లేని పిల్ల, నిన్ననే దిగి ఏ గుంపులోనూ చేరని పిల్ల, భాష యాస వేరైన పిల్ల, వాళ్లకు ఆ మాట అందలేదు. వాళ్లే చిక్కుకున్నారు. ఆయన ఇంకా పాఠం చెబుతూనే ఉన్నాడు. గుసగుస లోపలివాళ్లను కాపాడి, బయటివాళ్లను ఆయనకు వదిలేసింది. అందరికీ తెలిసిపోయిందన్న తృప్తి ఎవరినీ ఫిర్యాదు దాకా పోనివ్వలేదు. ఇక మాట అబద్ధమైతే? నాలుగేళ్లలో ఎవరైనా వెనక్కి వెళ్లి "అప్పుడు చెప్పింది తప్పు, అతను మంచివాడే" అని చెప్పారా? చెడు కబురు మోసుకెళ్లేందుకు పదిమంది ఉంటారు, దిద్దుబాటు మోసుకెళ్లేందుకు ఒక్కరు ఉండరు.

అక్క: అది నా నిద్ర చెడగొట్టే మాటే. ఏళ్ల తరబడి ఇంతమంది పిల్లల మాటలు విన్నాను, వినిపించాను. తప్పని తేలిన వాటిని వెతికి పట్టుకుని చెప్పినవాళ్లు, నాతో సహా, తక్కువ. లోపలివాళ్లే బతుకుతారన్నది కూడా నిజం. అందుకే కొత్తపిల్ల ఎవరితోనూ కలవకపోతే నేనే వెళ్లి చెబుతాను. ఇది చాలదని తెలుసు. ఉన్న దారి మాత్రం మూసెయ్యను. సరే, నీతులు పక్కన పెడదాం. ఇప్పుడు నా చేతిలో ఉన్న సంగతి చెబుతాను, ఏం చెయ్యాలో నువ్వు చెప్పు. నా దగ్గర ఉండి వెళ్లిన ఒక పిల్లకు సంబంధం చూస్తున్నారు. అబ్బాయి తల్లి వాకబు కోసం ఫోన్ చేసింది. పిల్ల ఎలాంటిది, ఎవరితోనైనా తిరిగేదా, ఆరోగ్యం ఎలా ఉండేది అని అడిగింది. ఆ పిల్ల కొన్ని నెలలు మనసు బాగాలేక మందులు వాడింది. కోలుకుంది. నాకు తెలుసు.

తమ్ముడు: మీరు చెప్పకూడదు. అది ఆ అమ్మాయి సంగతి. చెబితే తనే చెప్పుకోవాలి.

అక్క: "నాకు తెలియదండీ" అంటే చాలంటావా? వాకబు చేసేవాళ్లకు మౌనం ఎలా వినిపిస్తుందో తెలుసా? మంచిదైతే మంచిదని అనేదిగా, ఏదో ఉంది అనుకుంటారు. నేను నోరు మూసుకున్నా ఆ పిల్ల మీద మాట పడుతుంది. చాలా మంచి పిల్ల అని ఊరుకుంటే, రేపు తెలిశాక "హాస్టలావిడ దాచింది, పిల్లా దాచింది" అంటారు. ఇప్పుడు దీన్ని తిప్పి చూడు. రేపు ఒకాయన నీకు ఫోన్ చేసి లైబ్రరీలో మీతో చదివే అబ్బాయి గురించి అడిగాడనుకో. వాడు ఇంతకుముందు ఒకమ్మాయి మీద చెయ్యి చేసుకున్నాడని నీకు ఆ అమ్మాయే చెప్పింది. నువ్వు చెప్పవా?

తమ్ముడు: చెబుతాను. అది వేరు. ఇంకొకరి ఒంటికి, ప్రాణానికి ముప్పు.

అక్క: నాకు ఫోన్ చేసిన ఆ తల్లి కూడా "మా వాడి జీవితానికి ముప్పు" అనే అంటుంది. ఏది ముప్పు, ఏది సొంత బాధ, గీత గీసే అధికారం నీకెవరిచ్చారు, నాకెవరిచ్చారు?

తమ్ముడు: ఎవరూ ఇవ్వలేదు. అయినా గియ్యాలి. మందులు వాడి కోలుకున్న మనిషి ఎవరికీ కీడు చెయ్యలేదు. చెయ్యెత్తినవాడు చేశాడు. ఈ రెండింటినీ ఒకే త్రాసులో పెట్టను. మీ విషయంలో మాత్రం ఒక దారి ఉంది. ఆ అమ్మాయికే ఫోన్ చెయ్యండి. వాళ్లు ఇలా అడుగుతున్నారమ్మా, నేనేం చెప్పమంటావు అని అడగండి.

అక్క: ఆ దారి నాకు నచ్చింది. ఇన్నేళ్లలో అలా అడగాలని నాకు తోచలేదు. మరి నీ అబ్బాయికి కూడా అలాగే ఫోన్ చేసి అడుగుతావా, నీ గురించి ఏం చెప్పమంటావని?

తమ్ముడు: అడగను. అడిగితే నాకు చెప్పిందెవరో వాడికి తెలిసిపోతుంది. వాడు ముందు వెళ్లేది ఆ అమ్మాయి దగ్గరికే.

అక్క: అంటే కొందరిని అడిగి మాట్లాడతాం, కొందరి వెనకాలే మాట్లాడతాం.

తమ్ముడు: అవును. ఇంతవరకూ వచ్చాను. ఇది నాకు సుఖంగా లేదు. వాడు నిర్దోషి అయితే, నేనే వాడి మీద ముద్ర వేసినవాణ్ణి అవుతాను. ఆ అమ్మాయి చెప్పింది నమ్మాను గానీ నా కళ్లతో చూడలేదు. "నేను చూడలేదు, విన్నాను" అని చెప్పి చెబుతాను. అంతకంటే నిజాయితీగా చెప్పే పద్ధతి నాకు తెలియదు.

అక్క: విన్నాను అన్నది ఆయన చెవిలో "చూశాను" అయ్యే పడుతుంది. సరే. ఆవిడ సాయంత్రం మళ్లీ చేస్తానంది. ఈలోపు పిల్లకు ఫోన్ కలుపుతాను. ఉద్యోగంలో ఉంది, పగలు ఎత్తదు చాలాసార్లు.

తమ్ముడు: ఎత్తకపోతే ఆవిడ ఫోన్ కూడా ఎత్తకండి. ఒక రోజు ఆగితే ఏమీ కాదు.

అక్క: ఆవిడ ఆగదు తమ్ముడూ. నేను ఎత్తకపోతే పక్క హాస్టల్లో అడుగుతుంది, కోచింగ్ సెంటర్ గుమాస్తాను అడుగుతుంది, ఎవరినైనా మీ లైబ్రరీ చెట్ల కిందికి పంపుతుంది. ఆ పిల్ల గురించి వాళ్లు నాకంటే దయగా చెబుతారనుకుంటున్నావా?